తెరపై ఉన్న నీడలు ప్రింట్‌లో ఎందుకు కలిసిపోతున్నాయి?

ప్రశ్న: మా ఊళ్లోని పాత మండువా ఇంటి ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి, మ్యాట్ పేపర్‌పై ఇంక్‌జెట్ ప్రింటర్‌తో ప్రింట్ తీశాను. చూరు కింది చీకట్లో ఒక్కొక్క వాసమూ తెరపై విడిగా కనిపించింది గాని, ప్రింట్‌లో అక్కడంతా నల్లగా అలికినట్లు వచ్చింది. పైగా ప్రింట్ పగటి వెలుగులో కాస్త ఆకుపచ్చగా, పాతకాలపు బల్బు కింద గులాబీ రంగుగా తోస్తోంది. ఫోటోషాప్‌లో సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో తెరపైనే ముందుగా చూపే నమూనా) చూసుకునే ప్రింట్ ఇచ్చాను. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. ముందు నీడల సంగతి చూద్దాం. మామూలు మానిటర్‌లో తెలుపుకూ నలుపుకూ మధ్య తేడా సుమారు 1000 రెట్లు ఉంటుంది. మ్యాట్ పేపర్‌పై నలుపు సాంద్రత (నలుపు ఎంత ముదురో చెప్పే కొలత; అది 1 పెరిగితే తేడా పది రెట్లవుతుంది) 1.6 దగ్గర ఆగిపోతే ఆ తేడా 40 రెట్లే, సాంద్రత 2.3 వరకు వెళ్లే బరైటా అనే మెరుపున్న ఫోటో పేపర్‌పైన కూడా అది 200 రెట్లు మించదు. అంటే తెరపై మీకు కనిపించిన ముదురు ఛాయలన్నీ కాగితంపై చాలా ఇరుకైన పరిధిలో సర్దుకోవాలి. మానిటర్ వెలుగును చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్యకు తగ్గించుకోకపోతే, ఆ ఇరుకు ప్రింట్ చేతికొచ్చేదాకా తెలియదు.

సాఫ్ట్ ప్రూఫ్ కోసం ప్రూఫ్ సెటప్‌లోని కస్టమ్‌కు వెళ్లి, మీ ప్రింటర్‌కూ ఇంకుకూ కాగితానికీ కలిపి తయారైన ప్రొఫైల్‌నే (ఆ మూడూ కలిస్తే రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్‌నే) ఎంచుకోవాలి. రంగులను కాగితానికి సర్దే పద్ధతిగా రెలెటివ్ కలరిమెట్రిక్ పెట్టినప్పుడు, ఫైల్‌లోని నలుపును కాగితం నలుపుకు సర్దే బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ ఆన్‌లో ఉండాలి. అది లేకపోతే కాగితం ఇవ్వగల నలుపు కంటే ముదురుగా ఉన్న ఛాయలన్నీ ఒకే నలుపుగా మారిపోతాయి. కాగితం తెలుపును తెరపై చూపే సిమ్యులేట్ పేపర్ కలర్ కూడా ఆన్ చేయండి. బొమ్మ ఒక్కసారిగా వెలిసిపోయినట్లు కనిపించడంతో చాలామంది వెంటనే దాన్ని తీసేస్తారు గాని, నిజానికి ప్రింట్‌కు దగ్గరగా ఉండేది ఆ వెలిసిన బొమ్మే. చుట్టూ ఉన్న తెల్లని మెనూలను దాచి, కళ్లు అలవాటు పడేదాకా ఆగి చూడండి.

అయితే నా అసలు అనుమానం ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మీద. ఎప్సన్‌లో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ వంటి మోడ్‌లో ప్రింట్ ఇచ్చి ఉంటే, ఛాయలను నిర్ణయించేది డ్రైవరే; మీరు సాఫ్ట్ ప్రూఫ్‌కు వాడిన రంగుల ప్రొఫైల్‌కు అక్కడ పనే లేదు. కనుక మీరు తెరపై చూసింది ఒక ప్రింట్‌ను, తీసింది మరొక ప్రింట్‌ను. ఈ మోడ్‌లోనే కొనసాగాలనుకుంటే, 0 నుంచి 100 శాతం దాకా 5 శాతం చొప్పున ముదిరే 21 గళ్ల పట్టీని అదే కాగితంపై, అదే మోడ్‌లో తీసి, రాత్రంతా ఆరనిచ్చి, కిటికీ వెలుగులో చూడండి. 90, 95, 100 గళ్ల మధ్య గీత కనిపించకపోతే మీ వాసాలు పోయింది అక్కడే. ఫోటోషాప్‌లో ఛాయలను సర్దే కర్వ్స్ లేయర్‌తో ఆ ముదురు భాగాన్ని మాత్రమే కొంచెం లేతపరిచి, చూరు ఉన్న ముక్కను మళ్లీ ప్రింట్ తీయండి. ఈ పనిలో ఏ సాఫ్ట్ ప్రూఫ్ కన్నా ఆ పట్టీనే నేను ఎక్కువ నమ్ముతాను.

ఇక రంగు మారడం. సయాన్, మెజెంటా, పసుపు ఇంకులను కలిపి బూడిద రంగును పుట్టించినప్పుడు, వెలుగు మారితే ఆ బూడిద రంగు కూడా మారుతుంది. ప్రొఫైల్ లెక్కలన్నీ సాధారణంగా డీ50 అనే ఒకే ప్రామాణిక వెలుగును బట్టి వేసినవి కాబట్టి, ఈ మార్పును సాఫ్ట్ ప్రూఫ్ చూపలేదు. ఎప్సన్ 2005లో తెచ్చిన కే3 ఇంకుల్లా నలుపుతో పాటు రెండు లేత నలుపులున్న ప్రింటర్‌లో రంగు ఇంకుల వాటా తగ్గుతుంది, దానితో ఈ బెడదా తగ్గుతుంది.

ప్రశ్న: కలర్ ల్యాబ్‌కు నలుపు తెలుపు ఫైల్‌ను గ్రేస్కేల్‌లో (బూడిద ఛాయలు మాత్రమే ఉండే రూపంలో) పంపాలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ల్యాబ్ వేరేగా కోరితే తప్ప ఎస్‌ఆర్‌జీబీ అనే సాధారణ రంగుల ప్రమాణంలోకి మార్చి, ప్రొఫైల్ జతచేసి పంపండి. కలర్ పేపర్‌లో నలుపు మూడు రంగుల కలయికతోనే వస్తుంది గనుక లేత రంగు ఛాయ కనిపించవచ్చు. పెద్ద సైజుకు ముందు ఒక చిన్న ప్రింట్ తీయించుకుని, దాన్ని వేలాడదీయబోయే గది వెలుగులోనే చూడండి.