తేమకు టీయా, టీహెచ్చా?

ప్రశ్న: ఆఫీసులో పాత ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ ఒకటి నా నెత్తిన పెట్టారు. వందల టేబుళ్లు, ప్రొసీజర్లు. ఏది ఎక్కడుందో వెతకడానికి మంచి టూల్ ఏదైనా చెప్పగలరా?

టూల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒకటి చెప్పండి, ఆ డేటాబేస్ రాసి వెళ్లిపోయినాయన తెలుగాయనేనా? అయితే మీ కష్టం టూల్‌తో తీరేది కాదు.

నాది తణుకు. రైస్ మిల్లులకు, రొయ్యల మేత దుకాణాలకు కంప్యూటర్ పనులు చూసి పెడుతుంటాను. రెండేళ్ల కిందట, దాళ్వా కోతలప్పుడు, పెనుగొండ దాటాక కాలువ గట్టు మీదున్న ఒక మిల్లులో పని పడింది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే, దాటిన ప్రతి శాతానికి బస్తాకి కేజీన్నర చొప్పున కోసుకునేవారు. సర్కారు కొనుగోలుకి పెట్టిన హద్దు కూడా ఆ 17 శాతమే. రైతులందరూ కూడి అడిగితే షావుకారుగారు కేజీకి దిగారు. కంప్యూటర్‌లో ఆ ఒకటిన్నరని ఒకటి చెయ్యాలి. నా పని అంతే.

చేసేద్దామని కూర్చున్నాను. ముందు ఆ రేటు ఏ టేబుల్‌లో ఉందో దొరకాలిగా. మాయిశ్చర్ అని వెతికాను, లేదు. తేమ అని టీ-ఈ-ఎం-ఏ కొట్టాను, లేదు. టీ తర్వాత ఈ రెండుసార్లు కొట్టాను, అదీ లేదు. విసుగొచ్చి, మధ్యలోని ఈ-ఎం-ఏ మాత్రం పెట్టి టేబుళ్ల పేర్లూ కాలమ్‌ల పేర్లూ కలిపి వెతికితే, ఈమెయిల్ అన్న కాలమ్‌లన్నీ వరసకట్టి వచ్చాయి. వాటి మధ్యలో ఒకటి కనబడింది: టీ-హెచ్-ఈ-ఎం-ఏ, అండర్‌స్కోర్, కె-ఓ-టీ-హెచ్-ఏ.

నేను చదువుకున్నది "తేమ కొత్త" అని. కొత్తది ఉందంటే పాతది కూడా ఉండాలి కదా అని దాని కోసం వెతికాను. పాత అని పి-ఏ-టీ-హెచ్-ఏ కొడితే ఒకే ఒక్క టేబుల్ వచ్చింది, తెరిచి చూస్తే "పథకం". గంట పోయింది. పక్కన చీటీలు రాసుకుంటున్న గుమాస్తాగారు నా స్క్రీన్ వంక చూసి, "ఆయ్, అది కొత్త కాదండి, కోతండి. తేమ కోత" అన్నారు.

మనవాళ్లకి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం వచ్చని ఎవరన్నారో గానీ, కోతకీ కొత్తకీ ఒకే స్పెల్లింగ్. తవుడు ఒక టేబుల్‌లో టీతో, ఇంకో దాంట్లో టీహెచ్‌తో. నూక అయితే మూడు రకాలుగా ఉంది, అదీ ఒకే మనిషి రాసినది! నా లెక్క ప్రకారం పొద్దున రాసినప్పుడు టీహెచ్, భోజనం చేసొచ్చాక టీ. చదరపు బ్రాకెట్లలో పెడితే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకోవచ్చు, 128 అక్షరాల వరకు ఒప్పుకుంటుంది. నేనొకసారి ఒక మేత దుకాణానికి అలా పెట్టి, క్వెరీ రాసినప్పుడల్లా కీబోర్డు మార్చలేక వారానికే మానుకున్నాను. అది వేరే గొడవ.

సరే, రేటు ఒకటి చేసి, ఒక చీటీ కొట్టి చూసుకుని ఇంటికొచ్చేశాను. మర్నాడు పొద్దున్నే షావుకారుగారి ఫోన్. "ఏవయ్యా, నిన్న నువ్వు మార్చింది ఏమైంది? మళ్లీ పాతదే పడుతోంది. రైతులు నా మీదకొస్తున్నారు, వెంటనే రా." వెళ్లేసరికి కాటా దగ్గర ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. ఒక పెద్దాయన చీటీ పట్టుకుని నిలబడ్డారు. 40 బస్తాలు, 20 శాతం తేమ. బస్తాకి మూడు కేజీలు పోవాల్సింది నాలుగున్నర పోయింది. మొత్తం మీద 60 కేజీల తేడా, అంటే 75 కేజీల నిండు బస్తా ఒకటికి 15 కేజీలే తక్కువ. "రాత్రి అన్న మాటొకటి, పొద్దున చీటీలో వచ్చింది ఇంకోటి" అంటున్నారు. ఆయనకి నేనేం చెప్పను, అండర్‌స్కోర్ గురించి చెప్పనా?

టేబుల్ తెరిస్తే మళ్లీ ఒకటిన్నర. ఎవరో మారుస్తున్నారు. ఇప్పుడు వెతకాల్సింది ఈ టేబుల్ పేరు ఏయే ప్రొసీజర్లలో, అంటే డేటాబేస్‌లోనే దాచి ఉంచే కోడ్ ముక్కల్లో, ఉందన్నది. ఇంటర్నెట్‌లో దొరికిన క్వెరీ ఒకటి వేశాను, ప్రొసీజర్ల కోడ్‌ని జాబితాగా చూపించే ఇన్ఫర్మేషన్ స్కీమా రొటీన్స్ అనే వ్యూలో వెతికే రకం. ఒక్కటి కూడా రాలేదు. ఏ ప్రొసీజరూ వాడని టేబుల్‌ని చూసి చీటీ ఎలా కోస్తోంది? అప్పుడు గుర్తొచ్చింది, ఆ వ్యూ ప్రొసీజర్ మొత్తాన్ని చూపించదు. మొదటి 4000 అక్షరాలు మాత్రమే ఇస్తుంది. మా కొనుగోలు చీటీ ప్రొసీజర్‌లో సగం పైగా, ఆ డేటాబేస్ రాసిన పాతాయన నడవకుండా కామెంట్ చేసి ఉంచుకున్న కోడే. అసలు లెక్క ఎక్కడో అడుగున ఉంది. అదే వెతుకులాట, కోడ్ మొత్తం చూపించే సిస్ డాట్ ఎస్‌క్యూఎల్ మాడ్యూల్స్ అనే ఇంకో వ్యూలో వేస్తే వెంటనే దొరికింది. ఆ 4000 సంగతి మైక్రోసాఫ్ట్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, చదివే తీరికే మనకుండదు.

అయితే అది రేటును చదువుతోందే గానీ మార్చట్లేదు. టేబుల్‌లో ఏదైనా మారితే తమంతట తామే నడిచే ట్రిగ్గర్లు చూశాను, లేవు. ఫ్యాన్ గాలికి ఊక దుమ్ము మొహం మీద పడుతోంది, బయట ట్రాక్టర్ల వాళ్లు హారన్లు. తల పైకెత్తితే గోడ మీద క్యాలెండర్ పక్కన పసుపుపచ్చగా మారిపోయిన కాగితం: "రాత్రి కంప్యూటర్ ఆపవద్దు". ఎందుకు ఆపకూడదండీ అంటే గుమాస్తాగారికి కూడా తెలియదు. "ఎప్పటి నుంచో ఉందండి, ఆపమండి" అన్నారు.

అప్పుడు చూశాను, చెప్పిన టైముకి పనులు నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్‌ని. రోజూ రాత్రి రెండింటికి నడిచే జాబ్, దాని పేరు కూడా "రాత్రి పని". దాంట్లో ఒకే స్టెప్, తేమ కోతను ఒకటిన్నర చెయ్యమని. ప్రొసీజర్ కూడా కాదు, అప్‌డేట్ స్టేట్‌మెంట్ నేరుగా జాబ్‌లోనే రాసేశారు. జాబ్‌లు మన డేటాబేస్‌లో ఉండవు, ఎంఎస్‌డీబీ అనే వేరే డేటాబేస్‌లో సిస్‌జాబ్‌స్టెప్స్ టేబుల్‌లో ఉంటాయి. అందుకే మిల్లు డేటాబేస్‌ని ఎన్నిసార్లు వెతికినా నాకు దొరకలేదు. ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో అసలు ఈ ఏజెంటే ఉండదు. నా ఖర్మకొద్దీ ఈ మిల్లులో డబ్బు పెట్టి కొన్నది ఉంది.

ఎందుకు పెట్టారయ్యా అంటే, పగలు తెలిసినవాళ్లు ఎవరైనా వస్తే గుమాస్తాలు రేటు తగ్గించి, మళ్లీ పెంచడం మర్చిపోతున్నారని షావుకారుగారే అప్పట్లో చెప్పి పెట్టించారట. తర్వాత ఆయనే మర్చిపోయారు. జాబ్‌లో అంకె మార్చాను. పెద్దాయనకి చీటీ మళ్లీ కొట్టిచ్చారు.

ఇక మీ టూల్ సంగతి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని తెరిచి చూసే మేనేజ్‌మెంట్ స్టూడియోలో టేబుల్స్ అన్న చోట కుడి క్లిక్ చేస్తే ఫిల్టర్ వస్తుంది, పేరులో ముక్క తెలిస్తే అది చాలు. కోడ్‌లో వెతకాలంటే నేను పైన చెప్పిన మాడ్యూల్స్ వ్యూ. క్వెరీలో లైక్ అన్న మాటతో వెతికేటప్పుడు అండర్‌స్కోర్ అంటే ఏదో ఒక అక్షరం అని అర్థం, అచ్చంగా అండర్‌స్కోరే కావాలంటే దాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టండి. మీ లాగిన్‌కి అనుమతి లేని టేబుల్ అసలు లేనట్టే కనబడుతుంది, ఎర్రర్ కూడా రాదు. కాబట్టి "లేదు" అని వస్తే ముందు మీ అనుమతులు చూసుకోండి. టేబుల్ పేరును ముక్కలు ముక్కలుగా కలిపి నడిపే కోడ్ అయితే మాత్రం పూర్తి పేరుతో వెతికి లాభం లేదు, ముక్కతోనే వెతకాలి.

కాకినాడలో మా స్నేహితుడొకడు ఒరాకిల్ అనే వేరే రకం డేటాబేస్ మీద పని చేస్తుంటాడు. చిన్నబడి అక్షరాల్లో వెతికి "టేబుల్ ఎవరో ఎత్తుకుపోయారు" అని నాకు ఫోన్ చేశాడు. కొటేషన్లు లేకుండా పెట్టిన పేర్లను ఒరాకిల్ పెద్దబడిలో దాస్తుంది, పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో రకం చిన్నబడిలో దాస్తుంది. వాడికి ఆ మాట చెప్పడానికి నేను తీసుకున్న ఫీజు ఒక కాజాల ప్యాకెట్టు.

ఆ తేమ కోత టేబుల్‌కి మంచి పేరు పెట్టమని షావుకారుగారు అడిగారు కూడా. పెట్టలేదు. అది ఎక్కడెక్కడ వాడారో మళ్లీ మొదటి నుంచి ఎవరు వెతుకుతారండీ?