పక్కింటితో కలిసున్న గోడకి బరువైన టీవీ, అల్మరా బిగించొచ్చా?

బిగించొచ్చు, కాకపోతే రంధ్రం అవతలి వైపు దాకా పోకూడదు, ప్లగ్గు (స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం) గోడ రకానికి సరిపోవాలి. బరువు మోసేది పైన కనిపించే ప్లాస్టర్ కాదు, దాని వెనకున్న ఇటుక లేదా కాంక్రీటు. డ్రిల్ చేస్తుంటే ఎర్రపొడి రాలితే ఇటుక, బిట్ ఒక్కసారిగా లోపలికి జారిపోతే బోలు బ్లాకు, దానికి మామూలు ప్లగ్గు పట్టదు, లోపల విచ్చుకుని పట్టుకునే బోలు గోడల యాంకరే కావాలి.

ఉదాహరణకి గోడ 100 మి.మీ. ఉండి 80 మి.మీ. రంధ్రం పెడితే మిగిలేది 20, అందులోనూ చాలావరకు పక్కవాళ్ల ప్లాస్టరే, హ్యామర్ డ్రిల్ అదురుకి వాళ్ల వైపు పెచ్చు ఊడొచ్చు. బిట్‌కి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి.

స్క్రూ ఎంత పొడవుంటే అంత గట్టిదనుకుంటారు, అది పొరపాటు. రంధ్రం వదులైతే పొడవు స్క్రూ కూడా ఊడొస్తుంది.