మీ ప్రశ్నలు: స్పెయిన్‌లో ఏం తినాలి, ఏం చూడాలి?

గత సంచికలో నేనూ మావారూ స్పెయిన్‌లో తిరిగిన సంగతులు రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. మా అమ్మాయి మాడ్రిడ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ మేం అక్కడికి వెళ్లి వస్తుండేవాళ్లం. నేను అనంతపురంలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యాను, గుడ్డు కూడా ముట్టని శాకాహారిని. మావారు బ్యాంకులో పనిచేశారు, అన్నీ తింటారు. నా జవాబులు చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మా పెళ్లయి పాతికేళ్లవుతోంది. అక్టోబరులో పది రోజులు స్పెయిన్ వెళ్తున్నాం. మావారు మాడ్రిడ్, టొలేడో, సెవిల్, గ్రనడా, వలెన్సియా, బార్సిలోనా, బిల్బావో అన్నీ రాసిపెట్టుకున్నారు. కుదురుతుందా మేడమ్? (ఒక పాఠకురాలు, గుంటూరు)

కుదురుతుందమ్మా, రైళ్లు అంత బాగుంటాయి. మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకు రెండున్నర గంటలే. కానీ దయచేసి అలా చేయకండి. ఆ దేశం అందం సాయంత్రం ఏడు దాటాక వీధుల్లో కనిపిస్తుంది. ముసలివాళ్లు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తుంటారు. కుర్చీలు బయట వేసి ఉంటాయి. రాత్రి పదింటికి కూడా పిల్లలు చౌకులో బంతి ఆడుతుంటారు. రోజుకో ఊరు మారితే ఆ వేళకి మీరు హోటల్ గదిలో సూట్‌కేసు సర్దుకుంటూ ఉంటారు.

మాడ్రిడ్‌లో నాలుగు రాత్రులు ఉండండి. టొలేడో అక్కడి నుంచి రైల్లో అరగంట, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మిగతా రోజులు సెవిల్, గ్రనడాలకు ఇవ్వండి. ఎండాకాలంలో సెవిల్ 40 డిగ్రీలు దాటుతుంది, అక్టోబరులో హాయిగా ఉంటుంది. బార్సిలోనా, బిల్బావో ఇంకోసారి చూడొచ్చు.

మాడ్రిడ్‌లో ఒక సాయంత్రం సూర్యాస్తమయానికి దెబోద్ గుడి దగ్గరికి వెళ్లండి. అది నిజంగా ఈజిప్టు గుడి. ఆస్వాన్ ఆనకట్ట కడుతున్నప్పుడు ముంపు ప్రాంతంలోని కట్టడాలను కాపాడడానికి స్పెయిన్ సాయం చేసింది. అందుకు కృతజ్ఞతగా ఈజిప్టు 1968లో ఈ గుడిని ఇచ్చేసింది. రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టారు, 1972లో తెరిచారు. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిపోకుండా కూడలి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించిన సంగతి తెలిసినవాళ్లకు ఆ రాళ్ల ముందు నిలబడితే మనసు కదులుతుంది.

నేను మాంసం, చేప, గుడ్డు ఏవీ తినను. స్పెయిన్ అంటే అంతా పంది మాంసమే అంటున్నారు. పది రోజులకూ పులిహోర పొడీ, అటుకులూ పట్టుకెళ్లాలా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

పొడులు ఒక డబ్బాలో పెట్టుకోండి, ధైర్యంగా ఉంటుంది. కానీ అవి తింటూ గదిలో కూర్చోకండి తల్లీ, ఆ దేశంలో కూరగాయలు అద్భుతం.

ముందు జాగ్రత్తలు చెబుతాను. మాంసం వద్దంటే చాలామంది వెయిటర్లు మాంసం ముక్క వద్దని మాత్రమే అనుకుంటారు. పలచగా కోసిన హామ్ (ఉప్పులో ఊరబెట్టిన పంది తొడ మాంసం), సలాడ్‌లో ట్యూనా చేప ఆ లెక్కలోకి రావు. అందుకని మాంసం, హామ్, చేప, గుడ్డు నాలుగూ వద్దని విడివిడిగా స్పానిష్‌లో ఒక కాగితం మీద రాయించుకుని చూపించండి. పప్పు కూర కనిపిస్తే సంబరపడిపోకండి, అందులో తరచుగా చోరిసో అనే పంది సాసేజ్ ఉంటుంది. క్రోకెటాలు అనే వేపుడు ఉండలు చాలాచోట్ల హామ్‌తోనే చేస్తారు. ఆలుగడ్డల తోర్తియ్యా అనే అట్టులో గుడ్డు ఉంటుంది.

ఇక తినేవి. పొద్దున కాల్చిన బ్రెడ్ మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనె, ఉప్పు. బార్సిలోనా వైపు వెల్లుల్లి కూడా రుద్దుతారు. ఇంత సాదా తిండి ఇంత రుచిగా ఎలా ఉంటుందా అని నేను రోజూ అనుకునేదాన్ని, అదంతా నూనె గొప్పతనం. పద్రోన్ మిరపకాయలు చిన్నవి, పచ్చనివి, నూనెలో వేయించి పైన రాళ్లుప్పు చల్లుతారు. చాలావరకు కమ్మగా ఉంటాయి, మధ్యలో ఒకటి చుర్రుమంటుంది. మావారూ నేనూ ఆ కారం కాయ ఎవరికి వస్తుందా అని పందెం వేసుకునేవాళ్లం. సెవిల్‌లో పాలకూర, శనగలు జీలకర్రతో వండుతారు, మన నోటికి వెంటనే పడుతుంది. కార్డొబాలో వంకాయ ముక్కలు వేయించి పైన చెరకు పాకం పోస్తారు. బార్సిలోనాలో ఎస్కలివాదా అడగండి. నిప్పుల మీద కాల్చిన వంకాయ, క్యాప్సికం చల్లారాక ఆలివ్ నూనెతో పెడతారు. కాల్చిన వంకాయ పచ్చడి ఇష్టపడేవాళ్లు దాన్ని వదలరు. గజ్పాచో చల్లటి టమాటా సూపు, నిశ్చింతగా తాగొచ్చు. దానికి చిక్కటి చెల్లెలు సల్మొరేహో. దాని మీద హామ్, ఉడికించిన గుడ్డు వేస్తారు కాబట్టి ముందే వద్దని చెప్పాలి. బ్రావాస్ అనే ఆలుగడ్డ వేపుడు మీద పోసే సాస్‌ను కొన్నిచోట్ల మాంసం రసంతో చేస్తారు, అడిగి తినండి. చుర్రోలు పిండి, నీళ్లు, ఉప్పుతో చేసే వేపుడు. చిక్కటి చాక్లెట్‌లో ముంచుకుని తినాలి. మాడ్రిడ్‌లో సాన్ హినేస్ అనే అంగడి 1894 నుంచి ఉంది.

మరీ అన్నం కావాలనిపిస్తే మాడ్రిడ్ లవపియేస్ పేటలో ఇండియన్, బంగ్లాదేశీ హోటళ్లు వరసగా ఉంటాయి.

మీవారు మాంసాహారులైతే పాయెయా అనే అన్నం వంటకం వలెన్సియాలోనే, అదీ మధ్యాహ్నమే తినమనండి. అక్కడి అసలు పాయెయాలో కోడి, కుందేలు మాంసం, చిక్కుళ్లు వేస్తారు. గిన్నె అడుగున మాడీ మాడకుండా పట్టిన అన్నాన్ని గీరి పంచుకుంటారు, మావారికి అదే ప్రాణం.

బొమ్మల గురించి మాకేమీ తెలియదు. మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియానికి వెళ్లి ఏం చేయాలి? వెళ్లకపోతే నష్టమా? (ఒక పాఠకుడు, వరంగల్)

నష్టమే బాబూ. ముప్పై ఏళ్లు పిల్లలకు బొమ్మలు నేర్పినదాన్ని, ఈ మాట మొహమాటం లేకుండా చెబుతాను. బొమ్మ చూడడానికి చదువు అక్కర్లేదు, కాళ్లు నొప్పి పుట్టకుండా ఉండడం కావాలి. అన్ని గదులూ తిరగకండి. మూడు బొమ్మలు చూసి బయటికి రండి.

మొదటిది వెలాస్కెజ్ 1656లో వేసిన 'లాస్ మెనినాస్'. మధ్యలో చిన్న రాజకుమారి మార్గరీటా, చుట్టూ చెలికత్తెలు, కింద కునుకు తీస్తున్న కుక్క. ఎడమ పక్కన పెద్ద కాన్వాసు ముందు కుంచె పట్టుకుని చిత్రకారుడే నిలబడి మీ వంక చూస్తుంటాడు. వెనక గోడ మీద అద్దంలో రాజూ రాణీ మసకగా కనిపిస్తారు. అంటే వాళ్లు మీరు నిలబడిన చోటే ఉన్నారన్నమాట. దగ్గరికి వెళ్లి రాజకుమారి గౌను చూడండి, ఉత్త రంగు గీతలు. పది అడుగులు వెనక్కి వేయండి, పట్టు మెరుస్తుంది. ఇది పుస్తకంలో బొమ్మ చూస్తే తెలియదు, నేను క్లాసులో ఎంత చెప్పినా పిల్లలకు చూపించలేకపోయిన విషయం.

రెండోది గోయా 1814లో వేసిన 'మే 3, 1808'. నెపోలియన్ సైన్యం మాడ్రిడ్ జనాన్ని కాల్చి చంపుతున్న రాత్రి. తెల్ల చొక్కా మనిషి చేతులెత్తి నిలబడ్డాడు. నేల మీద లాంతరు వెలుగంతా అతని మీదే. కాల్చేవాళ్ల ముఖాలు ఒక్కటీ కనిపించవు. మూడోది అదే గోయా ముసలితనంలో, చెవుడు వచ్చిన చాలా ఏళ్లకు, తన ఇంటి గోడల మీద వేసుకున్న నల్ల చిత్రాల్లో ఒకటి: కుక్క. తల మాత్రమే కనిపిస్తుంది, పైనంతా ఖాళీ. మావారికి బొమ్మలంటే ఆసక్తి లేదు. కానీ దీని ముందు ఆగిపోయి, "ఇది మునిగిపోతోందా, పైకి వస్తోందా?" అని అడిగారు. ఆ ప్రశ్న కంటే మంచి విమర్శ నాకు తెలియదు.

సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ప్రాడోలో ప్రవేశం ఉచితం. క్యూ పొడుగ్గా ఉంటుంది. ఫొటోలు తీయనివ్వరు, మంచిదే.

ఇంకో రోజు నడిచి వెళ్లేంత దూరంలోని రెయినా సోఫియా మ్యూజియంలో పికాసో 'గెర్నికా' చూడండి. మంగళవారం సెలవు. గెర్నికా ఉత్తర స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతపు ఊరు. అంతర్యుద్ధం జరుగుతుండగా 1937 ఏప్రిల్ 26న జర్మన్, ఇటాలియన్ విమానాలు దాన్ని బాంబులతో కూల్చాయి. ఏడున్నర మీటర్లకు పైగా పొడవున్న ఆ బొమ్మలో విమానం ఎక్కడా ఉండదు, రంగులూ ఉండవు. చచ్చిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచి ఏడ్చే తల్లి ఉంటుంది. స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వం పోయి ప్రజల స్వేచ్ఛ తిరిగి వచ్చేదాకా బొమ్మ అక్కడికి వెళ్లకూడదన్నాడు పికాసో. అది 1981లో గానీ దేశం చేరలేదు, అప్పటికి ఆయన లేడు.

మావారికి షుగర్. రాత్రి ఏడున్నరకల్లా తినాలి. అక్కడ తొమ్మిది దాకా హోటళ్లు తెరవరట, టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు, కరీంనగర్)

టెన్షన్ పడకండి, పెద్ద భోజనం మధ్యాహ్నానికి మార్చండి. రెండు నుంచి నాలుగు మధ్య 'మెను దెల్ దియా' అని సుమారు 12 నుంచి 16 యూరోలకు రెండు వంటకాలు, బ్రెడ్, తాగడానికి ఒకటి, చివర పండో కాఫీయో ఇస్తారు. మామూలుగా పనిదినాల్లోనే ఉంటుంది. ఏడింటికి బార్‌లలో టపాస్ దొరుకుతాయి, రెండు చిన్న ప్లేట్లతో రాత్రి తిండి అయిపోతుంది. బార్ అంటే బెదరకండి, అమ్మమ్మలు మనవళ్లతో వచ్చి కూర్చునే చోటు అది. మందుల వేళలు మాత్రం బయల్దేరే ముందు మీ డాక్టరుగారితో మాట్లాడుకోండి.

నా భార్య ఆర్కిటెక్టు. బార్సిలోనాలో గౌడీ కట్టడాలన్నీ చూడాలంటోంది. నాకు భవనాలంటే విసుగు. ఎలా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

సగ్రాద ఫమీలియాకు మాత్రం ఇద్దరూ వెళ్లండి. 1882లో మొదలైన చర్చి అది. మరుసటి ఏడు గౌడీ చేతికి వచ్చింది, 1926లో ట్రామ్ గుద్ది ఆయన చనిపోయేదాకా దాని మీదే బతికాడు. లోపల స్తంభాలు చెట్ల కొమ్మల్లా పైకి చీలతాయి. తూర్పు కిటికీల అద్దాలు నీలం, ఆకుపచ్చ. పడమటివి ఎరుపు, నారింజ. సాయంత్రం నాలుగు దాటాక వెళ్తే నేలంతా ఎర్రబడుతుంది. విసుగన్న మాట అప్పుడు చెప్పండి. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనాలి, ఆ డబ్బుతోనే కడుతున్నారు.

మిగతావి ఆవిడను ఒంటరిగా, నిదానంగా చూడనివ్వండి. మీరు పికాసో మ్యూజియానికి వెళ్లండి. 1957లో ఆయన 'లాస్ మెనినాస్'ను మళ్లీ మళ్లీ తన పద్ధతిలో వేసుకున్న బొమ్మలు అక్కడున్నాయి. ప్రాడో చూసి వచ్చినవాళ్లకు అది పండగ. మేం చాలా మధ్యాహ్నాలు విడివిడిగా తిరిగి సాయంత్రం కలుసుకునేవాళ్లం. చెప్పుకోవడానికి ఇద్దరికీ వేరు వేరు కబుర్లు ఉండేవి.

అక్కడివాళ్లకు మన ఊళ్లు తెలుసా అమ్మా? (ఒక విద్యార్థిని, ధర్మవరం)

మన జిల్లా తెలుసు! బార్సిలోనాలో 1920లో పుట్టిన విసెంటె ఫెర్రర్ గారు 1969లో అనంతపురం వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన పెట్టిన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా ఎందరో స్పెయిన్ వాళ్లు మన పిల్లల చదువుకు డబ్బు పంపారు. మీ దగ్గరి బత్తలపల్లి ఆసుపత్రి వాళ్లదే కదా. మాడ్రిడ్‌లో కూరగాయల కొట్టు ఆవిడ మాది అనంతపురం అనగానే ఫోన్ తీసి, తాను సాయం చేస్తున్న పాప ఫొటో చూపించింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నువ్వూ ఎప్పటికైనా వెళ్లు తల్లీ, నీ ఊరి పేరు గట్టిగా చెప్పు.

దొంగల భయం ఉందా? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

జేబుదొంగలున్నారు, ముఖ్యంగా బార్సిలోనా మెట్రోలో, రాంబ్లా వీధిలో. బ్యాగు ముందుకు వేసుకోండి, ఫోను టేబుల్ మీద పెట్టకండి, బంగారు గొలుసులు ఇంట్లో వదిలి వెళ్లండి. పాస్‌పోర్టు గదిలో దాచి, ఫొటోకాపీ దగ్గర ఉంచుకోండి. గ్రనడాలో అల్‌హంబ్రా కోటకు వెళ్లే రోజు మాత్రం అసలు పాస్‌పోర్టు ఉండాలి, టికెట్టుతో పాటు చూపించమంటారు. లోపలి నస్రిద్ రాజభవనాలకు టికెట్టు మీద వేళ వేసి ఉంటుంది. అది దాటితే పంపరు, అరగంట ముందే వెళ్లి నిలబడండి.