చుక్కలన్నీ వేయించాం.. అయినా బాబుకు పోలియో పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. వారం కిందట పొద్దున లేచి నిలబడబోతే రెండు కాళ్లూ పట్టు తప్పాయి. ఆస్పత్రిలో చేర్పిస్తే గులియన్ బారీ సిండ్రోమ్ (జీబీఎస్) అన్నారు. చికిత్స జరుగుతోంది, కాస్త నయం. కానీ పోలియో పరీక్షకని రెండుసార్లు మలం శాంపిల్ కావాలంటున్నారు. పోలియో చుక్కలు, ఇంజెక్షన్లు ఒక్కటీ మానలేదు. మన దేశంలో పోలియో లేదు కదా? రిపోర్టుకు మూడు వారాలు పట్టొచ్చట. చాలా టెన్షన్‌గా ఉంది. రక్తపరీక్షతో వెంటనే తేలదా? – ఒక తల్లి, నల్గొండ

జవాబు: ముందు ధైర్యంగా ఉండండమ్మా. శాంపిల్ అడిగినంత మాత్రాన బాబుకు పోలియో వచ్చిందని డాక్టర్లు అనుకుంటున్నట్టు కాదు. 15 ఏళ్లలోపు పిల్లల్లో ఎవరికైనా కాలో చెయ్యో ఉన్నట్టుండి మెత్తబడి చచ్చుబడితే, కారణం జీబీఎస్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థే నరాలను దెబ్బతీసే జబ్బు) అని తేలినా సరే, మలం పరీక్షకు పంపాల్సిందే. బాబు చికిత్స ఆ రిపోర్టు కోసం ఆగదు.

మన దేశంలో చివరి వైల్డ్ పోలియో (సహజంగా తిరిగే రకం) కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో ఒక పాపకు వచ్చింది. 2014 మార్చి 27న పోలియోరహిత దేశంగా గుర్తింపు దక్కింది. ఆ మాట ఈ రోజుకీ నిజమేనని చెప్పగలుగుతున్నామంటే మీ బాబులాంటి పిల్లల శాంపిళ్లు నెగెటివ్ రావడం వల్లే. లక్ష మంది పిల్లలకు ఏడాదికి కనీసం 2 ఇలాంటి కేసులైనా నమోదు కావాలన్నది లెక్క. అంతకన్నా తగ్గితే జబ్బులు తగ్గాయని సంబరపడం, ఎక్కడో వెతకడం మానేశారని కంగారుపడతాం.

ఇక రక్తపరీక్ష సంగతి. బాబుకు టీకాలన్నీ వేయించారు కాబట్టి రక్తంలో పోలియో యాంటీబాడీలు ఎలాగూ ఉంటాయి. అవి టీకావో జబ్బువో చెప్పలేం. వైరస్ పెరిగేది పేగుల్లో, వారాల తరబడి బయటికి వచ్చేది మలంలో. అదీ రోజూ ఒకేలా రాదు. అందుకే కనీసం 24 గంటల తేడాతో రెండు శాంపిళ్లు, కాళ్లు చచ్చుబడిన 14 రోజుల్లోపే తీస్తారు.

రిపోర్టు ఆలస్యం కావడానికీ కారణం ఉంది. శాంపిల్‌ను శుద్ధి చేసి రెండు రకాల కణాల మీద వేస్తారు. ఒకటి మనిషి కండరపు గడ్డ నుంచి వచ్చిన ఆర్‌డీ కణాలు. రెండోది ఎల్‌20బీ. ఇవి ఎలుక కణాలు. ఎలుక కణానికి మామూలుగా పోలియో వైరస్ అంటదు. శాస్త్రవేత్తలు మనిషి కణం మీద ఈ వైరస్ పట్టుకునే రిసెప్టర్‌ను వీటికి తగిలించారు. దాంతో పేగుల్లో ఉండే మిగతా వైరస్‌లు చాలావరకు పక్కకు పోయి పోలియో మాత్రమే పెరుగుతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! వైరస్ ఉంటే గాజుకు అతుక్కుని పరుచుకున్న కణాలు గుండ్రంగా ముడుచుకుని ఊడిపోవడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. రోజూ చూస్తారు. ఏమీ కనిపించకపోయినా మళ్లీ తాజా కణాల మీద వేసి ఇంకోసారి చూస్తారు. అలా రెండు వారాల దాకా పడుతుంది.

వైరస్ దొరికితే, దాని జన్యువును కాపీలు చేసి గుర్తించే పీసీఆర్‌తో అది చుక్కల మందులోదా, వైల్డ్ రకమా అని తేలుస్తారు. ఆపైన సీక్వెన్సింగ్. వైరస్ జన్యువులో వీపీ1 అనే సుమారు 900 అక్షరాల భాగం చదువుతారు. అక్కడ ఏడాదికి దాదాపు 1 శాతం మార్పులు వస్తాయి కాబట్టి, మార్పులు లెక్కపెడితే వైరస్ ఎన్నాళ్లుగా తిరుగుతోందో అంచనా దొరుకుతుంది. మన చుక్కల మందులో 2016 దాకా ఉన్న టైప్ 2 (పోలియో వైరస్ మూడు రకాల్లో ఒకటి) వైరస్‌లో 6, అంతకు మించి మార్పులుంటే, అది మళ్లీ జబ్బు తెచ్చేలా మారి ఉండొచ్చని తేలిగ్గా తీసుకోరు.

2016లో హైదరాబాద్‌లో జరిగింది ఇదే. అంబర్‌పేట మురుగునీటి శాంపిల్‌లో అలా మారిన టైప్ 2 వైరస్ కనిపించింది. ఒక్క బిడ్డకూ పక్షవాతం రాలేదు. అయినా జూన్‌లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ వేశారు. పోలియో వైరస్ సోకినవారిలో కాళ్లు చచ్చుబడేది సుమారు 200 మందిలో ఒకరికే. కేసు కనబడేదాకా ఆగితే అప్పటికే వైరస్ ఊరంతా తిరిగేసి ఉంటుంది.

మూడు వారాలు ఎక్కువేనన్న మీ బాధ శాస్త్రవేత్తలదీ. కణాల్లో పెంచే పని లేకుండా, మలం నుంచే నేరుగా వైరస్ జన్యువును పీసీఆర్‌తో పెంచి, నానోపోర్ అనే చిన్న యంత్రంతో చదివే పద్ధతి వచ్చింది. కాంగో రాజధాని కిన్షాసాలో పరీక్షిస్తే పాత పద్ధతి కన్నా సగటున 23 రోజులు ముందే ఫలితం తేలింది. సీక్వెన్సింగ్‌కు విదేశాలకు పంపాల్సిన శాంపిల్‌ను అక్కడే చదివేయడం పెద్ద మేలు. నా దృష్టిలో దీనివల్ల ఇంకో లాభం ముఖ్యం. ల్యాబ్‌లో బతికున్న వైరస్‌ను పెంచనక్కర్లేదు. మశూచి సహజంగా సోకడం ఆగిపోయాక కూడా 1978లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, వైరస్‌తో పనిచేసే ల్యాబ్ ఉన్న భవనంలోనే పనిచేసే ఒకావిడ దానికి బలయ్యారు. పోలియో విషయంలో అలా జరగకూడదు.

మీరు చేయాల్సింది కొంచెమే. రెండో శాంపిల్ తప్పకుండా ఇవ్వండి, బొటనవేలంత ఉంటే చాలు. ఇంట్లో తీయాల్సి వస్తే ఆస్పత్రివాళ్లు ఇచ్చిన డబ్బాలోనే తీసి, వాళ్లు చెప్పినట్టు చల్లగా ఉంచి, వెంటనే అందజేయండి. 60 రోజుల తర్వాత ఆరోగ్యశాఖవాళ్లు మళ్లీ వచ్చి బాబు కాళ్లు చూడొచ్చు, కంగారుపడకండి. ఆ లోపు ఊపిరి ఆడకపోయినా, మింగడం కష్టమైనా, గొంతు మారినా క్షణం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పండి. జీబీఎస్‌లో అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడే. ఫిజియోథెరపీ మధ్యలో ఆపొద్దు. కోలుకోవడానికి నెలలు పట్టినా, చాలామంది పిల్లలు మళ్లీ నడుస్తారు.