అంగన్‌వాడీలో ‘బడ్జెట్ రాలేదు’ అంటే ఊరుకోవాలా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలో పడమటి పక్క పల్లె. కూతురు, అల్లుడు బెంగళూరుకు బిల్డింగ్ పనికి పోయారు. ఏడాదిన్నర మనవణ్ణి నేనే సాకుతున్నాను. బిడ్డ అక్కడే పుట్టాడు, ఆధార్ ఇంకా తీయలేదు. అంగన్‌వాడీలో బాలామృతం, గుడ్లు అడిగితే ‘ఆధార్ లేనిదే పేరు ఎక్కదు, పైనుంచి బడ్జెట్ కూడా సరిగా రావడం లేదు, ఉన్న పిల్లలకే చాలడం లేదు’ అంటున్నారు. బిడ్డ చిక్కిపోతున్నాడు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు బిడ్డను అంగన్‌వాడీకి తీసుకెళ్లి తూకం వేయించండి. బరువు కార్డులో రాయించండి. దానికి ఆధార్ అక్కర్లేదు. బరువు తక్కువని తేలితే, అలాంటి పిల్లలను గుర్తించి అంగన్‌వాడీ ద్వారానే ఉచితంగా ఆహారం ఇవ్వాలని జాతీయ ఆహార భద్రత చట్టం, 2013లోని 6వ సెక్షన్ చెబుతోంది.

ఇక మీ హక్కు సంగతి. అదే చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఆరేళ్ల వరకు ప్రతి బిడ్డకూ స్థానిక అంగన్‌వాడీ నుంచి ఉచితంగా ఆహారం అందాలి. బిడ్డ ఇప్పుడు మీ ఊళ్లో ఉన్నాడు కాబట్టి మీ అంగన్‌వాడీయే స్థానికం. బెంగళూరులో పేరు నమోదై ఉంటే, అంగన్‌వాడీ పిల్లల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఇక్కడికి మార్చే వీలుంది. ఆధార్ లేదని ఏ బిడ్డకూ ప్రయోజనం ఆపకూడదని, వేరే పత్రాలు చూసి ఇవ్వాలని 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఆధార్ కేసు తీర్పులో స్పష్టంగా చెప్పింది. జనన ధ్రువపత్రం జిరాక్స్ కూతుర్ని వాట్సాప్‌లో పంపమనండి. రేపు ఆధార్ తీయడానికి కూడా అదే కావాలి.

బడ్జెట్ మాట దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే చాలామంది ఆ ఒక్క మాటకే వెనక్కి తిరిగి వెళ్లిపోతున్నారు. ఈ చట్టం కింద రావాల్సినవి రాకపోతే ప్రభుత్వం జవాబుదారీ అని 44వ సెక్షన్ అంటుంది. మినహాయింపులు కూడా అందులోనే ఉన్నాయి: యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపం. నిధుల కొరత అందులో లేదు. 1980లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులోనూ, చట్టం అప్పగించిన బాధ్యతను డబ్బు లేదని తప్పించుకోలేరని సుప్రీంకోర్టు చెప్పింది. అంగన్‌వాడీ తిండికి కేంద్రం, రాష్ట్రం చెరి సగం ఖర్చు పెట్టుకోవాలి. ఎవరి వాటా ఎందుకు ఆలస్యమైందో వాళ్లు తేల్చుకోవాలి. ఆ ఆలస్యానికి మీ మనవడు పస్తు ఉండకూడదు.

కార్యకర్తతో మాత్రం గొడవ పడకండి. స్టాకు రాకపోతే ఊళ్లో తిట్లు తినేది ఆమే. అంగన్‌వాడీలను చూసుకునే సీడీపీవోకు (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి) అర్జీ రాసి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. వారం పది రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం చిత్తూరు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, ఆహార భద్రత చట్టం 15వ సెక్షన్ కింద ‘జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి’ పేరుతో అర్జీ ఇవ్వండి. ఆ సెక్షన్ నంబర్ తప్పకుండా రాయండి. ఆ అధికారి ఇవ్వమన్న సాయాన్ని కారణం లేకుండా ఆపిన ఉద్యోగికి రూ. 5,000 వరకు జరిమానా పడే అవకాశం ఉంది. అందని ఆహారానికి బదులుగా 8వ సెక్షన్ కింద భృతి కూడా అడగండి. అది వెంటనే చేతికి వస్తుందని మాత్రం చెప్పలేను.

స్టాకు నిజంగానే రాలేదా అన్న అనుమానం ఉంటే, ఆరు నెలల స్టాకు రిజిస్టర్ నకలు కావాలని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తెల్లకార్డు ఉంటే ఫీజు లేదు, కార్డు జిరాక్స్ జత చేస్తే చాలు.

అర్జీ రాసేవాళ్లు లేరని ఆగిపోకండి. చిత్తూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ లాయర్ సాయం ఉచితం. అంతదూరం వెళ్లలేకపోతే 15100కు ఫోన్ చేయండి. తూకం కార్డు, జనన ధ్రువపత్రం, సంతకం వేయించుకున్న అర్జీ నకలు ఒకే కవర్లో పెట్టుకోండి.