జోన్ కనబడగానే సంబరపడిపోకు నాన్నా

నాన్నా,

ఆకుల్లోని యాంటీమైక్రోబియల్ పదార్థాల మీద, అంటే సూక్ష్మజీవుల్ని ఆపే పదార్థాల మీద, ప్రాజెక్టు చేస్తున్నానని నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ నీకు నాలుగు మాటలు రాయాలని ఒకటే ఆత్రంగా ఉంది. ఈ పని మొదలుపెట్టడం ఎంత సులువో దారి తప్పడం కూడా అంతే సులువు. ఆకు ఎండబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లో నానబెట్టి, ఆ సారాన్ని బాగా చిక్కగా ప్లేట్ మీద పెడితే చాలా ఆకులు ఏదో ఒక బ్యాక్టీరియాను కొంతైనా ఆపుతాయి. మొక్క కదల్లేదు, పారిపోలేదు కదా, ఫినాల్స్, టెర్పీన్లు, ఆల్కలాయిడ్ల లాంటి రసాయనాలు తయారుచేసుకుని తన మీదికొచ్చే శిలీంధ్రాలనీ బ్యాక్టీరియానీ ఎదుర్కొంటుంది. అందుకని పనిచేసిందా లేదా అని కాదు, ఎంత తక్కువ మోతాదులో పనిచేసింది అని అడుగు.

ముందు ఆకు సంగతి చూసుకో. కోసిన కొమ్మను నొక్కి ఆరబెట్టి హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల్ని భద్రపరిచే చోట, నమూనాగా పెట్టించు, ఎవరైనా వృక్షశాస్త్రం తెలిసినవాళ్లతో పేరు ఖాయం చేయించుకో. లేత ఆకా ముదురు ఆకా, ఏ నెలలో కోశావు, ఇవన్నీ అదే రోజు నోట్‌బుక్‌లోకి ఎక్కాలి, ఎందుకంటే అదే చెట్టు ఆకులో కూడా ఈ పదార్థాల పాళ్లు మారిపోతుంటాయి. నీడలోనే ఆరబెట్టు. వేడి విషయంలో మాత్రం తొందరపడొద్దు. చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం ఆర్టెమిసియా అనే మొక్క సారాన్ని మలేరియా మీద పరీక్షిస్తే ఫలితాలు నిలకడగా రాలేదు, 1971లో తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో తీశాక గానీ దారి దొరకలేదు. ఆ పనికే ఆమెకి 2015లో నోబెల్ వచ్చింది. ఆకు అదే, తీసే పద్ధతి మారిందంతే.

ఇక డిస్క్ పరీక్ష. బ్యాక్టీరియా పూసిన ప్లేట్ మీద సారంలో తడిపిన చిన్న కాగితపు బిళ్ల పెడతాం, దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయమే జోన్. బ్యాక్టీరియా పెరిగే ముల్లర్ హింటన్ అగార్ 4 మిల్లీమీటర్ల మందం పోయి, బ్యాక్టీరియా ద్రవం చిక్కదనాన్ని 0.5 మెక్‌ఫార్లాండ్ ప్రమాణానికి సరిచేసుకో, అంటే మిల్లీలీటరుకి సుమారు 15 కోట్ల కణాలు. మందం తేడా వస్తే జోన్ తేడా వస్తుంది. ఒట్టి సాల్వెంట్ పెట్టిన డిస్క్ లేకుండా ఏ ప్లేటూ ఇంక్యుబేటర్‌లోకి వెళ్లకూడదు, పక్కనే తెలిసిన యాంటీబయాటిక్ డిస్క్ కూడా ఉండాలి. అంతా సరిగ్గా చేసినా జోన్ పెద్దదైతే మందు బలమైనదని అర్థం కాదు! చిన్న అణువులు, నీటిలో కలిసేవి అగార్‌లో దూరం పాకుతాయి, నూనెలాంటివి డిస్క్ దగ్గరే ఆగిపోతాయి. 18 మిల్లీమీటర్ల ఆకు 12 మిల్లీమీటర్ల ఆకు కన్నా గొప్పదని రాసే పేపర్లు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కాబట్టి ఎంఐసీ, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపే అతి తక్కువ మోతాదు, కనుక్కోక తప్పదు. 96 గుంటల ప్లేట్‌లో సారాన్ని సగం సగం పలచన చేసుకుంటూ వెళ్లు, సారాన్ని కరిగించే డీఎంఎస్ఓ అనే సాల్వెంట్ చివరికి 1 శాతం దాటకుండా చూసుకో. ఆకు సారం ఆకుపచ్చగా, గోధుమరంగుగా ఉంటుంది కనుక బ్యాక్టీరియా పెరిగి మబ్బుగా ఉందో లేదో కంటికి తెలియదు, అందుకే రెసాజురిన్ అనే నీలం రంగు వాడతారు. బతికున్న కణాలుంటే నీలం గులాబీ రంగుకి తిరుగుతుంది, లేకపోతే నీలంగానే ఉండిపోతుంది. ఇక్కడో చిక్కుంది, ఆకులోని కొన్ని ఫినాల్స్ బ్యాక్టీరియా లేకుండానే ఆ రంగు మార్చేస్తాయి. అందుకని బ్యాక్టీరియా వేయకుండా సారం ఒక్కటే ఉన్న గుంటల వరస తప్పకుండా పెట్టు. ముడిసారం మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము దాటాక గానీ పనిచేయలేదంటే దాని గురించి పెద్దగా చెప్పుకోవద్దు, 100 మైక్రోగ్రాముల లోపు పనిచేస్తే మాత్రం వెంటపడు.

స్టాఫ్ (స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా) మీద పనిచేసింది ఈ.కోలై మీద చేయకపోతే టెన్షన్ పడకు, ఈ.కోలై లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాకి బయట ఇంకో పొర ఉంటుంది, పైగా లోపలికొచ్చినదాన్ని బయటికి తోడేసే పంపులుంటాయి.

పంపులంటే గుర్తొచ్చింది. ముడిసారాన్ని అందులోని పదార్థాల వారీగా భాగాలుగా విడగొట్టిన కొద్దీ బలం తగ్గిపోతే చాలామంది నీరసపడి వదిలేస్తారు, నువ్వు అలా చేయకు. బెర్బెరిస్ జాతి మొక్కల్లో బ్యాక్టీరియాను ఆపే బెర్బెరిన్ ఉంటుంది, స్టాఫ్ దాన్ని తన నోర్ఏ పంపుతో బయటికి నెట్టేస్తుంది. ఆ మొక్కల ఆకుల్లోనే ఉండే ఇంకో పదార్థం ఆ పంపుని అడ్డుకుంటుందని 2000లో తేలింది, ఆ రెండోదానికి సొంతంగా బ్యాక్టీరియాను ఆపే శక్తి లేదు! విడిగా పరీక్షిస్తే పనికిరాదని పారేసేవాళ్లమే. కాబట్టి బలం తగ్గిన భాగాల్ని ఫ్రీజర్‌లో దాచి, రెండేసి కలిపి మళ్లీ చూడు.

మంచి ఎంఐసీ వచ్చినా వాటికి హాని చేస్తుందేమోనని ఎర్ర రక్తకణాల మీద, మనిషి కణాల మీద ఒకసారి పరీక్షించకుండా 'మందు' అనే మాట రాయకు. టానిన్లు (ఆకుకి వగరునిచ్చే పదార్థాలు) ఎక్కువున్న సారం కనబడిన ప్రోటీన్‌నల్లా పట్టేసుకుంటుంది, అది బ్యాక్టీరియాను ఆపిందంటే ప్రత్యేకమైన గుణమేదో ఉందని కాదు.

మొదటి ఎంఐసీ ప్లేట్ చదివాక కంట్రోల్ గుంటలన్నీ కనబడేలా ఫొటో తీసి పంపించు, సగటు లెక్కలు కట్టకముందే. చూసిన ప్లేట్లని 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేశాకే, అంటే ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపాకే, బయట పడెయ్యి.

నీ పెద్దమ్మ