బాగా డబ్బున్నవాళ్లు తమ వంతు పన్ను కడుతున్నారా?

కట్టరు. ఎలా తెలుసంటే, మా పాత ఓనర్‌ని చూశాను కాబట్టి.

2018లో కొండాపూర్‌లో అద్దెకుండేవాళ్లం. ఐదంతస్తులు, పది పోర్షన్లు, ఒక్కోటి 18,000. జనవరిలో ఆఫీసువాళ్లు పన్ను మినహాయింపు కోసం అద్దె రసీదులు అడిగారు. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ నంబరూ ఇవ్వాలి. ఆదివారం పొద్దున కిందికి వెళ్తే ఆయన పోర్టికోలో టీ తాగుతున్నాడు. ముందున్న స్టూలు మీద రబ్బరు బ్యాండు వేసిన నోట్ల కట్టలు, పోర్షన్ నంబర్లు రాసుకున్న చిన్న డైరీ. ఐదో తారీఖులోపు క్యాషే ఇవ్వాలి, ఫోన్‌పే అంటే ఒప్పుకోడు.

"అంకుల్, మీ పాన్ నంబర్ కావాలి."

"పాన్ గీన్ ఎందుకు తమ్మీ? ఇంతమంది ఉన్నరు, ఎవ్వరన్న అడిగిన్రా? అంత అవసరముంటే వేరే ఇల్లు చూస్కో." అంటూనే నాకూ టీ తెప్పించాడు. తాగి పైకొచ్చేశా.

హెచ్‌ఆర్‌ఏ, అంటే జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం మీద పన్ను మినహాయింపు, పోయింది. దాదాపు 34,000 అదనంగా పన్ను కింద జీతంలోంచి కట్ అయింది. అన్నట్టు, అప్పట్లో ఆ లెక్కకు హైదరాబాద్ మెట్రోనే కాదు! చెన్నైవాడికి మినహాయింపు బేసిక్ జీతంలో 50 శాతం దాకా, మనకు 40 దాకానే. అద్దెలు మాత్రం మెట్రో అద్దెలే.

ఆయన నిజాయితీగా చూపించినా, అద్దెలో 30 శాతం మరమ్మతుల కింద ఒక్క బిల్లూ లేకుండా మినహాయింపు. మా బాత్రూం కుళాయి వేయించింది నేను.

"అడిగింది కోటీశ్వరుల గురించి, ఈయనెంత?" అంటారేమో. వాళ్లకసలు దాచుకునే పనే లేదు. వంద కోట్ల షేర్లు రెండొందల కోట్లయినా అమ్మేదాకా పన్ను లేదు. డబ్బు కావాలంటే వాటిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటారు, అప్పేమో ఆదాయం కాదు. స్టాక్ మార్కెట్లో లిస్టయిన షేర్లు ఏడాది దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం. నా జీతం పై శ్లాబుకి వెళ్తే 30. వారసత్వపు పన్ను 1985లో ఎత్తేశారు, సంపద పన్ను 2015లో. బదులుగా ఆదాయం కోటి దాటినవాళ్లకి సర్‌చార్జీ, అంటే పన్ను మీద వేసే అదనపు పన్ను, ఇంకో 2 శాతం పెంచారు. కానీ అది ఆదాయం చూపించినవాడికి కదా! హైదరాబాద్ పక్కన మొయినాబాద్ ఫాంహౌసుల్లో నాలుగు మామిడి చెట్లు ఊరికే ఉంటాయా? వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు మరి.

2020లో ఇల్లు మారాం. పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుని మిగతా అడ్వాన్స్ ఇచ్చాడు. రసీదు అడిగాను, అలవాటు కొద్దీ. "నువ్వింకా మారలే తమ్మీ" అన్నాడు.